వార్చిన నీళ్లు ఎవరివి?

గోరుచిక్కుడు కాయల ఈనెలు తీసి, ముక్కలుగా తుంచి, ఉప్పు వేసి ఉడకబెడతారు. మెత్తబడ్డాక చిల్లుల గిన్నెలోకి వంచుతారు. ముక్కలు పైన నిలుస్తాయి. లేతాకుపచ్చ రంగు దిగిన వేడినీళ్లు ఆవిర్లు కక్కుతూ సింకులోకి జారిపోతాయి. ఆలోగా పక్క పొయ్యి మీద పోపు చిటపటలాడుతుంది. ఆ నీళ్ల గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

కానీ ఆ నీళ్లు ఉత్త నీళ్లు కావు. సి విటమిన్, ఫోలేట్ లాంటి బి విటమిన్లు, పొటాషియం నీటిలో కరిగిపోయే రకం. ముక్క ఎంత చిన్నదైతే, నీళ్లు ఎంత ఎక్కువైతే, ఎంతసేపు ఉడికితే అంతగా కూరలోని సారం నీళ్లలోకి దిగుతుంది. సి విటమిన్ కొంత వేడికే చచ్చిపోతుంది కాబట్టి ఆ నీళ్లను అమృతమని పొగడనక్కర్లేదు. అయినా కొన్న కూరలో కొంత భాగం అందులో ఉందన్నది మాత్రం నిజం. డబ్బు పెట్టి కొన్నదాన్ని కాలువలో కలపడం ఇంటి లెక్కల్లో నష్టమే. ఇక్కడ అడగవలసింది అంతకన్నా పాత ప్రశ్న. ఆ నీళ్లు పారబోయడం తప్పా? తప్పయితే ఎవరి పట్ల తప్పు?

తెలుగు వంటిల్లు ఈ ప్రశ్నకు జవాబు మాటల్లో చెప్పలేదు, చేతల్లో చెప్పింది. పప్పు ఉడికించి తీసిన కట్టుతో కట్టుచారు కాచుకున్నారు. బొబ్బట్లు చేసిన రోజున శనగపప్పు ఉడికిన నీళ్లకు చింతపండు పులుసు, కాస్త పూర్ణం కలిపి భక్ష్యాల చారు పెట్టుకున్నారు. బొబ్బట్టు కన్నా ఆ చారుకే ఎక్కువ మంది కాచుకుని కూర్చునే ఇళ్లున్నాయి. గోదావరి జిల్లాల్లో తరవాణి కుండ ఉండేది. వార్చిన గంజి అందులో పోసి పులియనిచ్చి, ఆ నీళ్లలో రాత్రి అన్నం నానబెట్టి, ఉప్పూ దబ్బాకూ వేసుకుని ఎండాకాలం పొద్దున్నే తినేవాళ్లు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, మిగిలిన గంజి పెరట్లో కుడితి గోలెంలోకి పోయేవి. గేదె మూతి పెట్టి చప్పుడు చేస్తూ తాగేది. ఇంకొంచెం గంజి చీరలకు, పంచెలకు. చేనేత ఊళ్లలో మగ్గానికెక్కే ముందు పడుగుకూ గంజే.

అన్నిట్లోకీ ఉలవచారుది వింత కథ. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఉలవలు ఉడికించింది ఎడ్ల కోసం. దుక్కి దున్నే ఎద్దుకు బలం కావాలి కాబట్టి గుగ్గిళ్లు గాబులోకి వెళ్లేవి. వాటి కట్టు మనుషులకు మిగిలింది. దాన్ని గంటల తరబడి సన్నటి సెగ మీద మరిగించి, చింతపండు రసం పోసి, చిక్కగా, నల్లగా అయ్యేదాకా ఉంచితే అది పెళ్లి విందుల్లో మీగడతో వడ్డించే గొప్ప వంటకమైంది. గింజ పశువుది, నీళ్లు మనిషివి. ఇప్పుడు హోటల్ మెనూలో ఉలవచారు ధర చూసినవాళ్లకు, ఇక్కడ అసలు ఏది, మిగులు ఏది అన్న అనుమానం రాక మానదు.

ధర్మశాస్త్రాలకు ఇదే చిక్కు ఎదురైంది. మిగిలినదాన్ని ఏమనుకోవాలి? పవిత్రమనా, మైల అనా? వైదిక సంప్రదాయం రెండూ అంది. అథర్వవేదం 11వ కాండలో ఉచ్ఛిష్టాన్ని స్తుతించే సూక్తం ఒకటి ఉంది. యజ్ఞంలో మిగిలినదాని మీదే లోకాలు, రుతువులు, యజ్ఞాలు సమస్తం నిలిచి ఉన్నాయని దాని భావం. గీత మూడో అధ్యాయం యజ్ఞశేషం తినేవాళ్లు పాపాల నుంచి విముక్తులవుతారంటుంది. గుడిలో దేవుడికి నివేదించాక మిగిలినదాన్ని ప్రసాదమని కళ్లకద్దుకుంటారు. అదే మనిషి విస్తట్లో మిగిలితే ఎంగిలి, ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలి. రాత్రి గడిస్తే పర్యుషితం, తినకూడదు.

ఆంధ్రదేశంలో ప్రవర చెప్పుకునేటప్పుడు ఆపస్తంబ సూత్రులమని చెప్పే కుటుంబాలు బోలెడు. ఆ ఆపస్తంబుడి ధర్మసూత్రం నిలవ ఉన్న వంట వద్దంది, పులిసింది వద్దంది. వెంటనే శాకాలకు, పిండికి, పాల పదార్థాలకు ఇంకా కొన్నిటికి మినహాయింపులూ ఇచ్చింది. వంటింట్లో ఎంతవరకు పట్టుబట్టాలో సూత్రకారుడికి తెలుసన్నమాట. ఆయన పేరు చెప్పుకునే వాళ్ల ఇళ్లలోనే తరవాణి కుండ మూలన కూర్చుని హాయిగా పులుస్తూ ఉండేది. శాస్త్రానికీ ఎండాకాలానికీ పోటీ వస్తే ఎవరు గెలుస్తారో ఎండాకాలమే చెప్పింది.

వార్చిన కూరనీళ్లు ఎంగిలి కాదు, ఎవరూ నోరు పెట్టలేదు. పర్యుషితం కాదు, ఇప్పుడే పొయ్యి దిగాయి. నైవేద్యమూ కాదు. ఏ వర్గంలోనూ చేరని ఈ నీళ్ల గురించి అందరికన్నా లోతుగా, ఓపిగ్గా ఆలోచించినవాళ్లు జైనులు.

జైన సాధువు పచ్చినీళ్లు తాగడు. నీటిలోనే జీవం ఉందని ఆ ధర్మం నమ్మకం, అందుకని అప్పుడే తోడిన నీరు సచిత్తం. కాచిన నీరు, లేదా వేరే పదార్థం కలిసి జీవం పోయిన నీరు అచిత్తం. అది తాగవచ్చు. కాచినదానికీ గడువుంది. శ్వేతాంబర లెక్కలో వానాకాలం మూడు జాములు, చలికాలం నాలుగు, వేసవిలో అయిదు. ఆ తర్వాత అది మళ్లీ పచ్చినీటి కిందే జమ. అయితే గృహస్థు పొయ్యి ముట్టించి సాధువు కోసం ప్రత్యేకంగా నీళ్లు కాచి ఇస్తే? అది దోషం. తన పేరు మీద హింస జరిగింది కాబట్టి తీసుకోకూడదు. తన కోసం చేసింది తీసుకోకూడదు, పచ్చిది తాగకూడదు. మరి దాహం ఎలా తీరాలి?

జవాబు, కడుగునీళ్లు. ధోవన్ అంటారు. బియ్యం కడిగినవి, నువ్వులు కడిగినవి, యవలు కడిగినవి, పిండి తడిపినవి, ఆకుకూర ఉడికించి కడిగినవి, గంజి, పుల్లటి గంజి. ప్రాచీన జైనాగమాలైన ఆచారాంగం, కల్పసూత్రం ఇలాంటి జాబితాలను పూసగుచ్చినట్టు ఇస్తాయి. ఇప్పటికీ స్థానకవాసి, తేరాపంథ్ శాఖల జైన కుటుంబాల్లో బూడిదతో గిన్నెలు తోమిన తొలి నీటిని పట్టి, తేర్చి, పైతేట గుడ్డలో వడగట్టి విడిగా ఒక పాత్రలో ఉంచే అలవాటు ఉంది. సాధువులు గోచరికి, అంటే భిక్షకు, వచ్చి తలుపు దగ్గర నిలబడి ఆ నీళ్లు ఉన్నాయా అని అడుగుతారు. ఎప్పటివి, ఎందుకు వాడారు అని ఆరా తీస్తారు. అందరి ఇళ్లలో సింకులోకి పోయేది అక్కడ భిక్షాపాత్రలోకి వెళుతుంది.

ఇక్కడొక తలకిందులు వ్యవహారం ఉంది. ధర్మసూత్రాల లోకంలో మిగిలింది అనుమానాస్పదం, కొత్తగా వండింది శుద్ధం. జైన సాధువుకు కొత్తగా తన కోసం వండిందే అనుమానాస్పదం, ఎవరి కోసమూ కాకుండా మిగిలిపోయిందే శుద్ధం. ఆ నీళ్లు ఎవరి కోరిక వల్లా పుట్టలేదు. ఎవరో అన్నం వండుకున్నారు, ఇవి పక్కన నిలిచాయి. వాటిని తాగినందువల్ల లోకంలో హింస కొత్తగా ఒక్క పిసరు కూడా పెరగదు. మిగులుకు ఇంతటి గౌరవం మరే మతమూ ఇచ్చినట్టు లేదు.

భిక్షావిధులను చెప్పే దశవైకాలిక సూత్రం అయిదో అధ్యాయం మరీ నిశితంగా వెళుతుంది. ఇప్పుడే కడిగిన బియ్యం నీళ్లు తీసుకోకూడదు, అందులో మార్పు ఇంకా పూర్తి కాలేదు. కడిగి చాలాసేపయిందని అడిగి తెలుసుకుంటే తీసుకోవచ్చు. అనుమానంగా ఉంటే అరచేతిలో కొద్దిగా పోయమని అడిగి రుచి చూడాలి. మరీ పులిసి, వాసన కొట్టి, దాహం తీర్చే రకం కాకపోతే వద్దనాలి. పొరపాటున తీసుకుంటే? తాను తాగకూడదు. ఇతరులకు తాగించనూ కూడదు. జనసంచారం లేని చోటికి వెళ్లి, ఏ ప్రాణీ లేదని నేల పరీక్షించి, జాగ్రత్తగా పారబోయాలి.

రెండువేల ఏళ్ల నాటి ఈ విధిలో, తాను తాగనిది ఇతరులకు ఇవ్వరాదన్న ఆ ఒక్క షరతు మీద ఆగవలసిందే. మిగులు పవిత్రమన్నవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. పనికిరానిదని తేలాక దాన్ని దానం పేరుతో వదిలించుకోవద్దన్నవాళ్లు తక్కువ. పారబోయడం కూడా ఒక పద్ధతి గల పనే అని, దానికీ నియమం రాసిపెట్టినవాళ్లు ఇంకా తక్కువ.

అలాంటివాళ్లు జపాన్‌లోనూ ఉన్నారు. అక్కడి జెన్ బౌద్ధ ఆశ్రమాల్లో వంటవాడి పదవికి పెద్ద గౌరవం. అక్కడి గురువు డోగెన్ యువకుడిగా 1223లో చైనా వెళ్లినప్పుడు, రేవులో ఓడ దగ్గరికి పుట్టగొడుగులు కొనడానికి ఒక ముసలి సన్యాసి వచ్చాడు. ఆశ్రమంలో వంట పెద్ద ఆయన. ఈ వయసులో ధ్యానం మాని వంట గొడవ ఎందుకని డోగెన్ అడిగితే ఆయన నవ్వి, సాధన అంటే ఏమిటో నీకింకా తెలియలేదన్నాడట. ఆ నవ్వు డోగెన్‌ను జీవితాంతం వదల్లేదు. 1237లో ఆయన వంటపెద్దకు సూచనలతో ఒక చిన్న గ్రంథం రాశాడు. అందులో బియ్యం కడిగిన నీటిని అజాగ్రత్తగా ఒలకబోయవద్దని, పూర్వులు గింజ జారకుండా గుడ్డసంచిలో వడగట్టి పారబోసేవారని చెప్పాడు. గమనించండి, నీళ్లు దాచుకోమనలేదు. పారబోసేటప్పుడు చూసి పారబోయమన్నాడు. 19వ శతాబ్దంలో గిసాన్ అనే గురువు స్నానం నీళ్లు చల్లార్చమంటే, ఒక యువ శిష్యుడు బాల్చీలో మిగిలిన కాసిని నీళ్లు నేలపాలు చేశాడు. చెట్టుకు పోసినా పోయేది కదా అని గురువు తిట్టాడు. ఆ శిష్యుడు తన పేరునే నీటిబొట్టు అని మార్చుకుని, తెకిసుయ్‌గా పెద్ద గురువయ్యాడు.

మన పురాణం వైపు తిరిగితే అక్షయపాత్ర కథ ఉంది. ద్రౌపది తిన్నాక ఆ పూటకు పాత్ర ఖాళీ. అప్పుడు దుర్వాసుడు శిష్యగణంతో దిగాడు. కృష్ణుడు వచ్చి, కడిగిన పాత్ర అంచున అంటుకున్న కూరాకు ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. ఏట్లో స్నానం చేస్తున్న మునుల కడుపులు నిండిపోయాయి. మిగులుకు ఎంత శక్తి అని హరికథల్లో చెప్పుకుంటారు. ఒక సంగతి మాత్రం ఎవరూ ఎత్తి చెప్పరు. మిగిలిన ఆకు తిన్నది కృష్ణుడు. అతిథుల ముందు దాన్ని పెట్టలేదు. మిగులు ఇంటిమనిషి నోట్లోకి వెళ్లింది, తృప్తి అతిథులకు వెళ్లింది.

ఇస్లాం ఇదే నీళ్ల విషయాన్ని మరో వైపు నుంచి చూసింది. సహీ ముస్లిం హదీసుల్లో ప్రవక్త తన సహచరుడు అబూజర్‌కు చెప్పిన మాట ఒకటుంది. కూర వండేటప్పుడు రసంలో నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువాళ్లకూ పంపమని దాని సారం. పొరుగువాడి వాటా వంట అయ్యాక చూసుకునేది కాదు, నీళ్లు పోసేటప్పుడే లెక్కలోకి రావాలి.

మన ఊళ్లలో గంజి మాత్రం ఈ దారిలో నడవలేదు. ఆసామి ఇంట్లో అన్నం వార్చితే, గంజి పాలేరు ముంతలోకి వెళ్లింది. మెతుకులు ఇంట్లోవాళ్లకు, నీళ్లు పని చేసినవాళ్లకు. పైగా అది పుణ్యం ఖాతాలో జమ. ఆ ముంత పట్టుకుని పెరటి గుమ్మం దగ్గర, తగలకుండా దూరం నుంచి పోస్తే పట్టుకోవలసి వచ్చిన వాళ్లకు అందులోని బి విటమిన్ల గురించి చెప్పడం క్రూరమైన హాస్యం. హిందీ రచయిత ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథకు ‘జూఠన్’ అని పేరు పెట్టాడు. అంటే ఎంగిలి. 1997లో వచ్చిన ఆ పుస్తకం, పెళ్లి విస్తళ్లలో మిగిలింది ఏరుకోవడం ఒక కులానికి జీతంగా ఎలా మారిందో చెప్పింది. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచారు. అవి ప్రాణాలు నిలబెట్టాయి, కాదనలేం. కానీ గంజి తాగి బతికామన్న మాటను ఆ తరం ముసలివాళ్లు గొప్పగా చెప్పుకోలేదు.

అందుకే మిగులును కాపాడటం దానంతటది ధర్మం అనడం కుదరదు. ఇంటి ఇల్లాలు తన కంచంలోకి వార్చిన నీళ్లతో చారు పెట్టుకుంటే అది పొదుపు, నియమం, చివరికి సాధన అన్నా అభ్యంతరం లేదు. అదే నీళ్లను తనకన్నా కింది మెట్టు మీద ఉన్నవాళ్లకు ఇచ్చి పారబోయలేదని తృప్తి పడితే అది అధికారం, అంతే. గేదె సంగతి వేరు. కుడితి తాగిన గేదెకు అవమానం అంటే తెలియదు, పైగా సాయంత్రం పాలిస్తుంది.

పారబోయడం పాపమన్నవాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది. కొన్ని నీళ్లు పారబోయడమే సరైన పని. కర్రపెండలం దుంపలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. సామర్లకోట వైపు సగ్గుబియ్యం కోసం పండించే దుంప అదే. ఇంట్లో ఉడికిస్తే ఆ నీళ్లు ఒంపేయాలి, చారులో కలపకూడదు. పాలకూరలోని ఆక్సలేట్లలో నీటిలో కరిగే భాగం వార్చిన నీళ్లలోకి దిగుతుంది. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చిన మనిషికి ఆ నీళ్లు పోయడం మేలు చేయదు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు పొటాషియం తగ్గించాలని వైద్యులు కూరలు ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చి తినమంటారు. ఆరోగ్యవంతుడికి లాభమైన పొటాషియం అక్కడ ప్రమాదం. బియ్యంలో ఆర్సెనిక్ ఉండే బంగ్లాదేశ్, పశ్చిమ బెంగాల్ ప్రాంతాల్లో, మంచి నీళ్లు ఎక్కువ పోసి వండి గంజి వార్చేస్తే ఆ విషం కొంత తగ్గుతుంది. అక్కడ గంజి దాచుకోమని చెప్పే పెద్దమ్మ మాట కన్నా పారబోయమనే శాస్త్రజ్ఞుడి మాట వినడమే మంచిది. జైన సూత్రం అరచేతిలో పోయించుకుని రుచి చూడమంది కూడా ఇలాంటి పరీక్షే. తెలియనిది తాగమని ఏ ధర్మమూ చెప్పలేదు.

ఇప్పటి ఇళ్లలో సమస్య రూపు మారింది. కుక్కర్ వచ్చాక గంజి పుట్టడమే మానేసింది. నాలుగో అంతస్తులో గేదె లేదు, కుడితి గోలెం లేదు. బాల్కనీ కుండీలో ఒక కరివేపాకు మొక్క, అదీ బతికితే. వార్చిన నీళ్లు ఎక్కడికి పోవాలన్నా సింకు తప్ప దారి కనపడదు. ఈ స్థితిలో పొదుపును మరో మడిగా మార్చి, సీసాల్లో కూరనీళ్లు నింపి ఫ్రిజ్‌లో దాచి, వారం తర్వాత వాసన వచ్చి పారబోసి బాధపడటంలో అర్థం లేదు. తెలుగువాళ్లకు అంతకన్నా పాత ఉపాయం ఉంది. అత్తెసరు. వార్చే పని లేకుండా సరిపడా నీళ్లే పోసి వండటం. బీన్సు, బీరకాయ, క్యారెట్, క్యాబేజీ దేనికీ గిన్నెడు నీళ్లు అక్కర్లేదు. మూత పెట్టి గుప్పెడు నీళ్లు చిలకరిస్తే ఆవిరికే మగ్గుతాయి. మిగులు పుట్టకుండా చూసుకోవడం మిగులును భద్రపరచడం కన్నా ఒక మెట్టు పైనే. జైన సాధువు తన కోసం నీళ్లు కాచవద్దనడంలో ఉన్న ఆలోచన కూడా అదే.

తప్పక వార్చవలసినవి కొన్ని ఉంటాయి. గోరుచిక్కుడు, చిక్కుడు, బంగాళాదుంప లాంటివి. వాటిని వండే ముందు బాగా కడిగితే, మొలకెత్తిన, పచ్చబారిన దుంపలు ఏరేస్తే, ఆ నీళ్లు అదే పూట పప్పులోకి, చారులోకి, చపాతీ పిండిలోకి పనికొస్తాయి. ఉప్పు వేసిన నీళ్లయితే వంటలో వేరే ఉప్పు తగ్గించుకోవాలి. రక్తపోటు ఉన్న ఇంట్లో ఇది మరిచిపోకూడదు. ఉప్పు వేయకపోతే చల్లారాక కుండీలోకి పోయవచ్చు. ఉప్పునీళ్లు మాత్రం పోయవద్దు, మొక్క చస్తుంది. కర్రపెండలం నీళ్లు నేరుగా సింకులోకి, పాలకూర నీళ్లు రాళ్ల జబ్బు ఉన్న ఇంట్లో అయితే అక్కడికే. అందులో అపరాధ భావమేమీ అవసరం లేదు.

ఇక ఆ నీళ్లతో పెట్టిన చారు బాగా కుదిరితే పనిమనిషికీ ఒక గిన్నె పోయండి, ఇంట్లోవాళ్లు తాగే గిన్నెలోనే, వాళ్లతో పాటే. కుదరకపోతే ఆమెకు ఇవ్వకండి, పారబోయండి.